జన్యువులు మనవి, మీటలు పొట్టలో అద్దెవాళ్ళవి

“మా వంశంలో ఎవరికీ ఈ జబ్బు లేదండీ! మా అమ్మ వైపు లేదు, మా నాన్న వైపు లేదు. మరి మా పిల్లాడికి ఎలా వచ్చింది?”

రిచ్‌మండ్ హిల్‌లో మా చుట్టుపక్కల తెలుగు కుటుంబాల్లో ఈ ప్రశ్నని గత కొన్నేళ్ళలో నేను మూడిళ్ళల్లో విన్నాను. జబ్బు పేరు ఒక ఇంట్లో క్రోన్స్, మరొక ఇంట్లో అల్సరేటివ్ కొలైటిస్. రెండూ పేగులు వాచి, పుండ్లు పడి, ఏళ్ళ తరబడి వేధించే జబ్బులే. ఎక్కువగా వస్తున్నది ఇండియాలో పుట్టి వచ్చిన మనకి కాదు, ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలకి. నేను వైద్యుణ్ణి కాను. జీవరసాయన శాస్త్రం చదువుకుని కొన్నేళ్ళు ప్రయోగశాలలో పని చేసినవాణ్ణి కనుక, పార్టీలో ప్లేటు పట్టుకుని నిలబడితే ఎవరో ఒకరు వచ్చి అడుగుతూ ఉంటారు. నిలబడి రెండు ముక్కల్లో చెప్పగలిగే సమాధానం కాదిది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ఆ ప్రశ్నలో ఒక నమ్మకం దాగి ఉంది: జబ్బు రక్తంలో వస్తుంది, రక్తంలో లేకపోతే రాదు. ఈ నమ్మకం ఎంతవరకు నిజమో మన ఆంటారియో లెక్కలే చెబుతాయి.

ఆంటారియో లెక్క

కెనడాలో ఈ పేగు వాపు జబ్బులతో బతుకుతున్నవాళ్ళు 2023 అంచనా ప్రకారం 3 లక్షల 20 వేలకు పైనే. జనాభాతో పోల్చి చూస్తే ప్రపంచంలో ఎక్కువగా ఉన్న దేశాల్లో ఇదొకటి. వలస వచ్చినవాళ్ళలో, వాళ్ళ పిల్లల్లో ఈ జబ్బు ఎంత ఉందో డాక్టర్ ఎరిక్ బెంచిమోల్ బృందం ఆంటారియో ఆరోగ్య రికార్డుల ఆధారంగా లెక్క కట్టి 2015లో ప్రచురించింది. అందులో మనకి సంబంధించిన విషయాలు మూడు ఉన్నాయి.

ఒకటి, వలస వచ్చినవాళ్ళలో ఈ జబ్బు ఇక్కడివాళ్ళలో కంటే తక్కువ. రెండు, ఎంత చిన్న వయసులో వస్తే ముప్పు అంత ఎక్కువ. వచ్చిన వయసు పదేళ్ళు తగ్గిన కొద్దీ ముప్పు సుమారు 14 శాతం పెరిగింది. మూడు, దక్షిణ ఆసియా నుంచి వచ్చినవాళ్ళకి ఇక్కడ పుట్టిన పిల్లల్లో ముప్పు, తరతరాలుగా ఇక్కడే ఉన్నవాళ్ళ పిల్లలతో సమానం.

ఒక్క తరంలో! ఒక్క తరంలో జన్యువులు మారవు కదా. అమ్మానాన్నల దగ్గర ఉన్నవే పిల్లలకి వచ్చాయి. పైగా, క్రోన్స్ జబ్బుతో సంబంధం ఉందని 2001లో మొట్టమొదట పట్టుబడ్డ నాడ్-2 అనే జన్యువు సంగతి చూడండి. యూరపు సంతతి వాళ్ళలో ఆ జబ్బుకి దారి తీసే ముఖ్యమైన మార్పులు మూడు ఉన్నాయి. భారతీయుల్లో అవి చాలా అరుదు. అంటే “మా వంశంలో లేదు” అన్న మాట అబద్ధం కాదు. కానీ ఆ మాట రక్షణ కవచం కూడా కాదు.

మారింది జన్యువులు కాదు. ఆ జన్యువుల్లో ఏవి పని చేస్తున్నాయి, ఏవి నిద్రపోతున్నాయి అన్నది మారి ఉండాలి. ఆ మీటలు నొక్కేవాళ్ళలో కొందరు మన పొట్టలోనే కాపురం ఉంటున్నారు.

అద్దెవాళ్ళ జనాభా లెక్కలు

మన శరీరంలో బేక్టీరియా కణాలు మన సొంత కణాల కంటే పదింతలని పాత పుస్తకాల్లో ఉండేది. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ వాళ్ళు 2016లో మళ్ళీ లెక్క పెడితే తేలింది వేరు. ఒక మనిషిలో సొంత కణాలు సుమారు 30 లక్షల కోట్లు, బేక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు. ఇంచుమించు సరిసమానం. ఈ బేక్టీరియాలో చాలా భాగం ఉండేది పెద్దపేగులో. అన్నిటినీ కలిపి తూచినా పావు కిలో ఉండదు.

సంఖ్య సమానమైనా జన్యువుల దగ్గర మాత్రం మనం చాలా బీదవాళ్ళం. ప్రొటీన్లు తయారు చేసే జన్యువులు మన దగ్గర సుమారు 20 వేలు. యూరపులో 124 మంది మలం నమూనాల్లో సూక్ష్మజీవుల జన్యువుల్ని లెక్కపెట్టి 2010లో ప్రచురించిన జాబితాలో ఉన్నవి 33 లక్షలు! మనకి చేతకాని రసాయన విద్యలు ఎన్నో వాటికి వచ్చు. అందులో ముఖ్యమైనది పీచుని అరిగించడం.

బీరువాలో మడత పెట్టిన చీర

ఇప్పుడు జన్యువులకి మీటలు ఎలా ఉంటాయో చూద్దాం. కంట్లో కణానికీ కాలేయంలో కణానికీ ఉన్న జన్యువులు ఒక్కటే. అయినా కన్ను పైత్యరసం తయారు చెయ్యదు, కాలేయం చూడదు. ప్రతి కణం తనకి కావలసిన జన్యువుల్నే తెరిచి ఉంచి మిగతావి మూసి పెట్టుకుంటుంది.

ఒక్కొక్క కణంలో ఉన్న డి.ఎన్.ఏ. పోగులన్నీ సాగదీసి ఒకదాని చివర ఒకటి పెడితే సుమారు రెండు మీటర్లు ఉంటాయి. అంత పొడుగు దారం తలవెంట్రుక మందంలో పదో వంతు ఉండే గదిలో ఇమడాలి. అందుకని అది హిస్టోన్లు అనే ప్రొటీను ఉండల చుట్టూ చుట్టుకుని ఉంటుంది. బీరువాలో మడత పెట్టిన చీరలా అన్నమాట. మడతలో ఉన్న చీర మన సొంతమే కానీ ఒంటి మీద లేదు. కట్టుకోవాలంటే మడత విప్పాలి.

ఈ మడత విప్పే గుర్తు ఎసిటైల్ అనే చిన్న రసాయన బిళ్ళ. ఈ బిళ్ళలు హిస్టోన్ల మీద అతుక్కుంటే చుట్టు వదులవుతుంది, అక్కడి జన్యువు చదవడానికి వీలవుతుంది. బిళ్ళలు ఊడబెరికితే చుట్టు బిగుసుకుంటుంది, జన్యువు మూతపడుతుంది. అతికించే ఎంజైములు కొన్ని, ఊడబెరికేవి కొన్ని. ఊడబెరికే వాటిని హిస్టోన్ డిఅసిటైలేజులు అంటారు. పేరు నోరు తిరక్కపోతే ‘ఊడబెరికే ఎంజైములు’ అని గుర్తు పెట్టుకోండి చాలు.

పీచు నుంచి జన్యువు దాకా

మనం తిన్న అన్నం, పప్పు, నెయ్యి చిన్నపేగులోనే చాలావరకు అరిగిపోయి రక్తంలో కలుస్తాయి. పప్పుల్లో, కూరల్లో, తృణధాన్యాల్లో ఉండే పీచుని అరిగించే ఎంజైములు మనకి లేవు. అది అలాగే పెద్దపేగుకి చేరుతుంది. అక్కడ అద్దెవాళ్ళు దాన్ని పులియబెడతారు. దోసెల పిండి రాత్రికి రాత్రి పొంగినట్టే, గాలి చొరబడని ఆ చీకట్లో ఈ పులియడం నిరంతరంగా జరుగుతూ ఉంటుంది. అప్పుడు పుట్టేవి ముఖ్యంగా మూడు చిన్న ఆమ్లాలు: ఎసిటేట్, ప్రొపియొనేట్, బ్యూటిరేట్. మొదటిది మన వినిగరులో ఉన్నదే. మూడోదాని పేరు వెన్నకి లాటిన్‌లో ఉన్న పేరు నుంచి వచ్చింది. వెన్నలో, నేతిలో కూడా ఇది కొద్దిగా ఉంటుంది.

ఈ బ్యూటిరేట్ చేసే పనులు రెండు. పెద్దపేగు లోపలి పొర కణాలకి ఇదే ప్రధాన ఆహారం. ఈ కణాలు ముఖ్యంగా సూక్ష్మజీవులు వండి పెట్టే బ్యూటిరేట్ మీద బతుకుతాయి. పుట్టినప్పటి నుంచి ఒక్క సూక్ష్మజీవి కూడా సోకకుండా పెంచిన ఎలుకల్లో ఈ కణాలు ఆకలితో తమని తామే తినడం మొదలుపెడతాయని, బ్యూటిరేట్ అందిస్తే తేరుకుంటాయని 2011లో చూపించారు.

రెండో పని మన కథకి ముఖ్యం. బ్యూటిరేట్ ఆ ఊడబెరికే ఎంజైములకి అడ్డు పడుతుంది. అవి ఆగిపోతే ఎసిటైల్ బిళ్ళలు హిస్టోన్ల మీదే నిలుస్తాయి, మడతలు వదులవుతాయి, కొన్ని జన్యువులు తెరుచుకుంటాయి. ఈ సంగతి గాజుపాత్రల్లో పెంచిన కణాల్లో 1977, 78 నాటికే బయటపడింది. అది మన పొట్టలో రోజూ జరిగే వ్యవహారమని గ్రహించడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది.

2013లో జపాన్, న్యూయార్క్, బోస్టన్‌లలోని మూడు బృందాలు విడివిడిగా ఒకే విషయం ప్రచురించాయి. మన రోగనిరోధక సైన్యంలో పోట్లాడే కణాలే కాదు, “ఇక చాలు, ఆపండి” అని సర్దిచెప్పే కణాలు కూడా ఉంటాయి. వీటిని టి-రెగ్ కణాలంటారు. ఒక కణం ఇలా పెద్దమనిషిగా మారాలంటే ఫాక్స్-పి-3 అనే జన్యువు తెరుచుకోవాలి. ఎలుకల పెద్దపేగులో ఈ పెద్దమనుషుల సంఖ్యని పెంచేవి సూక్ష్మజీవులు తయారు చేసే ఈ చిన్న ఆమ్లాలేనని మూడు బృందాలకీ తేలింది. ఆ ఫాక్స్-పి-3 దగ్గర మడత వదిలించేది బ్యూటిరేట్ అని కూడా కనిపించింది. క్రోన్స్, కొలైటిస్ జబ్బుల్లో జరిగేది సరిగ్గా దీనికి వ్యతిరేకం. అక్కడ సర్దిచెప్పేవాళ్ళ మాట చెల్లక సైన్యం సొంత పేగు మీదే పడుతుంది.

ఈ ప్రభావం పేగు గోడ దగ్గర ఆగిపోతుందా? ఆగదు. 2016లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వాళ్ళు సూక్ష్మజీవులున్న ఎలుకల్నీ లేని ఎలుకల్నీ పోల్చారు. పెద్దపేగులోనే కాక కాలేయంలో, కొవ్వులో కూడా హిస్టోన్ల మీద బిళ్ళలు తేడాగా ఉన్నాయి. సూక్ష్మజీవులున్న ఎలుకలకే కొవ్వు, పంచదార ఎక్కువగానూ పీచు తక్కువగానూ ఉన్న పాశ్చాత్య తిండి పెడితే ఆ తేడాలు చాలావరకు పుట్టలేదు. సూక్ష్మజీవులు లేని ఎలుకలకి ఆ మూడు ఆమ్లాలు తాగే నీళ్ళలో కలిపి ఇస్తే, బిళ్ళల అమరిక సూక్ష్మజీవులున్న ఎలుకల పద్ధతికి దగ్గరగా వచ్చింది. అంటే అద్దెవాళ్ళు ఇంట్లో ఉంటే చాలదు, వాళ్ళకి తిండి కూడా పెట్టాలి.

జన్యువు చెడినా దారి పొట్టలోంచే

మీటలు నొక్కేది బ్యూటిరేట్ ఒక్కటే కాదు. పప్పుల్లో, పాలల్లో ఉండే ట్రిప్టొఫాన్‌ని కొన్ని బేక్టీరియా ఇండోల్ జాతి పదార్థాలుగా మారుస్తాయి. ఇవి పేగు కణాల్లో ఉండే ఒక గ్రాహకాన్ని తట్టి లేపితే అది నేరుగా డి.ఎన్.ఏ. దగ్గరకి వెళ్ళి పేగు గోడకి మరమ్మత్తు చేసే జన్యువుల్ని తెరుస్తుంది.

పారిస్ పరిశోధకులు 2016లో చూపించిన ఉదాహరణ నాకు బాగా నచ్చింది. కార్డ్-9 అనేది మనుషుల్లో పేగు వాపు జబ్బులతో సంబంధమున్న జన్యువు. అది లేని ఎలుకల పేగుల్లో సూక్ష్మజీవులు మారిపోయాయి, ఇండోల్ జాతి పదార్థాలు తగ్గిపోయాయి, వాపు ఎక్కువైంది. ఆ సూక్ష్మజీవుల్ని తీసుకెళ్ళి ఏ లోపమూ లేని ఎలుకల్లో పెడితే వాటికీ వాపు గుణం వచ్చింది! ఇండోల్ తయారు చెయ్యగల లాక్టోబాసిల్లస్‌లని ఇస్తే తగ్గింది. జన్యువు చెడి సూక్ష్మజీవులు మారాయి, సూక్ష్మజీవులు మారి రసాయనాలు మారాయి, రసాయనాలు మారి మళ్ళీ జన్యువుల పని మారింది. అత్తా కోడళ్ళ తగువులా ఎవరు మొదలుపెట్టారో చెప్పడం కష్టం.

చెడ్డ అద్దెవాళ్ళు కూడా ఉంటారు. ఇ. కోలైలో కొన్ని రకాలు కొలిబాక్టిన్ అనే పదార్థాన్ని తయారు చేస్తాయి. ఇది మీట నొక్కి ఊరుకోదు, డి.ఎన్.ఏ.నే గాయపరుస్తుంది. ఆ గాయపు మచ్చల్ని పెద్దపేగు కేన్సర్లలో 2020లో గుర్తు పట్టారు. పదకొండు దేశాల రోగుల మీద చేసి 2025లో ప్రచురించిన పరిశోధనలో ఆ మచ్చలు, 70 దాటాక కేన్సర్ వచ్చినవాళ్ళలో కంటే 40 లోపు వచ్చినవాళ్ళలో మూడింతలకు పైగా కనిపించాయి.

టొరాంటో నుంచి, మినెసోటా నుంచి

ఇదంతా ఎలుకల పురాణమే కదా, మనుషుల మాటేమిటి అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే.

మనకి పక్కనే టొరాంటోలో మౌంట్ సైనై ఆసుపత్రికి చెందిన డాక్టర్ కెన్ క్రొయిటోరు నాయకత్వంలో 2008లో ‘జెమ్’ అనే పరిశోధన మొదలయింది. క్రోన్స్ రోగుల తోబుట్టువుల్నీ పిల్లల్నీ, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళని 5 వేల మందికి పైగా చేర్చుకుని ఏళ్ళ తరబడి గమనించారు. తరవాత జబ్బు వచ్చినవాళ్ళ పేగుల్లో సూక్ష్మజీవుల కూర్పు, జబ్బు రాకముందే వేరుగా ఉందని 2023లో ప్రచురించారు. అంటే సూక్ష్మజీవుల మార్పు జబ్బు వల్ల వచ్చినది మాత్రమే కాదు, జబ్బు కంటే ముందు నడుస్తోంది కూడా.

వలస సంగతి మినెసోటాలో చూశారు. ఆగ్నేయాసియా నుంచి అమెరికా వచ్చిన మాంగ్, కరెన్ తెగల స్త్రీలతో సహా 500 మందికి పైగా పరీక్షించి 2018లో ప్రచురించారు. వచ్చిన నెలల్లోనే పేగుల్లో సూక్ష్మజీవుల వైవిధ్యం తగ్గడం మొదలయింది. పీచుని విడగొట్టే ప్రెవొటెల్లా జాతి వెనక్కి తగ్గి బాక్టీరాయిడీస్ జాతి పెరిగింది. ఇక్కడ పుట్టిన తరంలో వైవిధ్యం ఇంకా తగ్గింది.

మన పిల్లల సంగతి కొంత ఆంటారియోలోనే తెలుస్తుంది. పీల్ రీజియన్‌లోని దక్షిణాసియా కుటుంబాల పిల్లల్నీ, తెల్లజాతి పిల్లల్నీ ఏడాది వయసులో పోల్చి మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2017లో ప్రచురించారు. మన పిల్లల్లో పెరుగుని తోడుపెట్టే జాతి బేక్టీరియా, వాటి చుట్టాలు ఎక్కువగా ఉన్నాయి. అంటే ఇక్కడ పుట్టినా మన వంటింటి ముద్ర ఏడాది పిల్లల పొట్టలో ఉంది. ఆ తరవాత వాళ్ళు తినేది ఏమిటన్నదే ప్రశ్న.

తిండి మారితే పొట్ట ఎంత త్వరగా మారుతుంది? 2015లో ప్రచురించిన ఒక ప్రయోగంలో పిట్స్‌బర్గ్‌లో ఉండే 20 మంది ఆఫ్రికన్ అమెరికన్లకి పల్లెటూరి ఆఫ్రికా భోజనం, దక్షిణాఫ్రికా పల్లెల్లోని 20 మందికి అమెరికా భోజనం రెండు వారాల పాటు పెట్టారు. అమెరికావాళ్ళ పీచు రోజుకి 14 గ్రాముల నుంచి 55కి పెరిగింది. బ్యూటిరేట్ రెండున్నర రెట్లయింది, పేగులో వాపు గుర్తులు తగ్గాయి. పల్లెవాళ్ళ పీచు 66 నుంచి 12కి పడింది. వాళ్ళ బ్యూటిరేట్ సగమయింది, వాపు గుర్తులు పెరిగాయి. ఇదంతా పద్నాలుగు రోజుల్లో!

ఒక్క మాట నిజాయితీగా చెప్పాలి. తిండి, సూక్ష్మజీవులు, బ్యూటిరేట్, జన్యువు, జబ్బు – ఈ గొలుసులో లంకెలు విడివిడిగా రుజువయ్యాయి. మొత్తం గొలుసుని ఒక మనిషిలో మొదటి నుంచి చివరి దాకా ఎవరూ చూపించలేదు. యాంటీబయోటిక్కులు, పుట్టిన పద్ధతి, పొగతాగడం, పరిశుభ్రత అన్నీ ఇందులో పాత్రధారులే. అందుచేత జబ్బు వచ్చిన పిల్లవాడి తల్లిని “నువ్వు సరిగ్గా వండలేదు” అని ఎవరైనా అంటే అది శాస్త్రం కాదు, క్రూరత్వం.

మరి మనం చెయ్యగలిగినది?

ముందు పీచు లెక్క. కెనడాలో సిఫారసు ఆడవాళ్ళకి రోజుకి 25 గ్రాములు, మగవాళ్ళకి 38. చాలామంది తినేది అందులో సగమే. “మేము శాకాహారులం, మాకేం తక్కువ” అనుకోవద్దు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం వండని 100 గ్రాముల్లో పీచు ఇలా ఉంటుంది: తెల్లబియ్యం 3 గ్రాముల లోపు, బెండకాయ 4, కందిపప్పు 9, జొన్నలు 10, రాగులు 11. అంటే తెల్లన్నం కొండలా పెట్టుకుని దాని మీద పప్పు చుక్కలా వేసుకుంటే లెక్క కుదరదు. కొండనీ చుక్కనీ తారుమారు చెయ్యాలి. రాగి సంకటి, జొన్నరొట్టె, గుగ్గిళ్ళు, గోరుచిక్కుడు కూర మన తాతల తిండే. కావలసిన సరుకులన్నీ ఇక్కడి ఇండియన్ కొట్లలో దొరుకుతాయి. ఒకేసారి పెంచితే పొట్ట ఉబ్బుతుంది, వారాల మీద మెల్లగా పెంచండి.

నెయ్యి గురించి తప్పకుండా అడుగుతారు. నేతిలో బ్యూటిరేట్ ఉన్న మాట నిజమే. కానీ అది చిన్నపేగులోనే పీల్చుకోబడుతుంది, పెద్దపేగు దాకా పోదు. నెయ్యి రుచి కోసం తినండి, మందనుకుని కాదు.

చద్దన్నం సంగతి కొంత నిజం. వండిన అన్నం చల్లారితే అందులో పిండిపదార్థం కొద్దిగా గట్టిపడి, అరగకుండా పెద్దపేగుకి చేరి పీచులా పని చేస్తుంది. అయితే అన్నాన్ని రాత్రంతా గట్టు మీద వదిలేస్తే విషక్రిములు పెరుగుతాయి. త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి.

మలం నమూనా పంపితే మీ పొట్ట జాతకం చెబుతామనే కంపెనీలకి డబ్బు పొయ్యకండి. ఆరోగ్యవంతమైన పొట్ట ఇలాగే ఉండాలి అని చెప్పగల ప్రమాణం ఇంకా లేదు. యాంటీబయోటిక్కు డాక్టరు అవసరమంటే వాడండి, జలుబుకి మీరే అడిగి రాయించుకోకండి.

ఇప్పటికే క్రోన్స్ లేదా కొలైటిస్ ఉన్నవాళ్ళు ఈ వ్యాసం చదివి మందులు మానవద్దు. పేగు సన్నబడినవాళ్ళకి పీచు ఎక్కువైతే అడ్డుపడే ప్రమాదం కూడా ఉంది. డాక్టరుతో, డైటీషియన్‌తో మాట్లాడాకే మార్పులు చెయ్యండి.

చివరిగా, అన్నిటికంటే ముఖ్యమైన మాట. పిల్లలకి వారాల తరబడి విరేచనాలు, మలంలో రక్తం, పొట్టనొప్పి, బరువు తగ్గడం, ఎదుగుదల ఆగడం కనిపిస్తే “వేడి చేసింది, మజ్జిగ తాగు” అని నెలలు గడపకండి. “మా వంశంలో లేదు” అని కూడా ఆగకండి. ఈ జబ్బు ఎంత త్వరగా తెలిస్తే పేగుకి నష్టం అంత తక్కువ. వంశంలో ఏముందో మనం కట్టబెట్టగలం కానీ మార్చలేం. పొట్టలో అద్దెవాళ్ళకి రేపు పొద్దున్న ఏం పెట్టాలన్నది మాత్రం మన చేతిలో పని.